గుండె సంగతి చెప్పే రక్తం
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినగానే ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ గుర్తుకొస్తాయి. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరిన ఆయన జీవితగాథను ఇంతకు ముందు ఎందరో చెప్పారు. నేను మళ్లీ చెప్పబోను. గుండెజబ్బును రక్తపరీక్షతో గుర్తించే విద్యకు ఆయన పనితో ఉన్న చుట్టరికం గురించి మాత్రం మనం తక్కువగా మాట్లాడుకున్నాం. ఈ ఉపన్యాసాన్ని అక్కడ మొదలుపెడతాను.

1925లో సుబ్బారావు, హార్వర్డ్‌లో తన పైఅధికారి సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, తగిన రసాయనంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. రక్తం దగ్గర, మూత్రం దగ్గర చక్కగా పనిచేసిన ఈ పద్ధతి కండరం నుంచి తీసిన రసం దగ్గర మొరాయించింది. నీలిరంగు వెంటనే రావలసినంత రాలేదు. వచ్చింది కూడా ఒకచోట నిలవకుండా, నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. మరొకరైతే పద్ధతిలో ఏదో లోపముందనుకుని చివరి అంకె రాసుకుని ముందుకు సాగిపోయేవారు. వీరిద్దరూ ఆ జాప్యాన్నే పట్టుకున్నారు. అప్పటిదాకా అందరూ కండరంలోని అకర్బన భాస్వరం అనుకుంటున్నదానిలో చాలా భాగం, ఆమ్లద్రవంలో కొద్దికొద్దిగా విడిపోయే మరో పదార్థం నుంచి వస్తోందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఆ సంగతి 1927లో లోకానికి తెలిసింది. 1929లో, జర్మనీలో లోమన్ అదే పనిలో ఉండగా, కండరంలోని ఏటీపీ అనే పదార్థాన్ని కూడా వీరు స్వతంత్రంగా గుర్తించారు.

ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ఫాస్ఫేటును తీసి ఏడీపీకి అందించి ఏటీపీ తయారుచేసే ఎంజైము క్రియాటిన్ కైనేజ్. ఆస్పత్రుల్లో దాన్ని సీకే అంటాం. సీకే, దానిలో గుండెకు దగ్గరదైన సీకే-ఎంబీ, ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో గుండెపోటు నిర్ధారణకు ఆధారంగా నిలిచాయి. సీకే కొలిచే పరీక్షనాళికలో మనం పోసేది ఫాస్ఫోక్రియాటినే, అందులో తయారయ్యేది ఏటీపీయే. అంటే సుబ్బారావు గారు వెలికితీసిన రెండు పదార్థాల మధ్య జరిగే మార్పిడి ఆధారంగానే ప్రపంచమంతటా కొన్ని కోట్ల గుండెపోట్లకు పేరుపెట్టారు. ఆయన మాత్రం 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, గుండె ఆగి కన్నుమూశారు. గుండె కండరం దెబ్బతిన్నదని చెప్పగల రక్తపరీక్ష అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. గుండెజబ్బు ఎవరికి, ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం మొదలైంది ఆ సంవత్సరమే.

ఈ వేళ నేను ప్రతిపాదించదలచిన విషయం ఒకటే. గడిచిన డెబ్బై ఏళ్లలో గుండెకు సంబంధించిన రక్తపరీక్షలు ఊహకందనంత సున్నితమయ్యాయి. దాంతో వైద్యుడి ఆలోచనకు పని తగ్గుతుందని అందరూ అనుకున్నారు. జరిగింది వేరు. పరీక్ష సున్నితమయ్యేకొద్దీ దాన్ని చదవడం కష్టమైంది, చదివేవాడి బాధ్యత పెరిగింది. ఒంటరి అంకె దాదాపు మూగది. ఆ అంకె ఏ వేళ తీసినది, ఎటు కదులుతోంది, ఏ ప్రశ్నకు జవాబుగా తీసినది అన్నవి తెలిస్తేనే దానికి నోరు వస్తుంది. కండరం రసంలో నీలిరంగు చిక్కబడుతూ పోవడాన్ని చూసి ఆగిన ఇద్దరు శాస్త్రవేత్తల చూపు, నేటి క్యాజువాలిటీ డాక్టరుకు కావలసిన చూపు ఒకటే అని నా నమ్మకం.

1954లో న్యూయార్క్‌లో లాడ్యూ, వ్రూబ్లెవ్‌స్కీ, కార్మెన్ ఒక చిన్న పత్రం ప్రచురించారు. గుండెపోటు వచ్చినవారి రక్తంలో ట్రాన్సమినేజ్ అనే ఎంజైము పెరుగుతోందన్నది దాని సారాంశం. మనవాళ్లు ఎస్‌జీఓటీ అని ఇప్పటికీ లివర్ పరీక్షల్లో రాసేది దాన్నే. చనిపోతున్న కణం తన లోపలి సరుకును రక్తంలోకి వదులుతుంది, ఆ సరుకును కొలిచి కణం మరణాన్ని పసిగట్టవచ్చు అన్న ఆలోచన హృద్రోగ వైద్యంలో స్థిరపడింది అక్కడే. ఎల్‌డీహెచ్ అనే మరో ఎంజైము పరీక్ష ఆ వెంటనే వచ్చింది. కానీ ఈ రెండూ కాలేయంలోనూ ఉంటాయి, ఎర్రరక్తకణాల్లోనూ ఉంటాయి. సిరంజిలో రక్తం కాస్త గట్టిగా లాగి కణాలు పగిలినా ఎల్‌డీహెచ్ పెరిగిపోతుంది. పైగా ఎస్‌జీఓటీ పెరగడానికే గంటలు పట్టేది, కొలిచి రిపోర్టు ఇచ్చేసరికి మర్నాడయ్యేది. అయినా దానివల్ల పెద్ద నష్టం జరగలేదు. అప్పట్లో గుండెపోటుకు వైద్యమంటే వారాల తరబడి మంచం మీద విశ్రాంతి. ఫలితం ఆలస్యమైనా చేయబోయేది అదే.

సీకే వచ్చాక గురి కొంత మెరుగైంది. అది కాలేయంలో దాదాపు లేదు. అయితే ఒంటి కండరాలన్నిటా దండిగా ఉంది. ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి మన పల్లెల్లో ముందుగా పడేది నడుముకో చేతికో ఒక ఇంజెక్షన్. ఆ సూది దిగిన కండరమే చాలు, మొత్తం సీకేని పెంచడానికి. కాబట్టి సీకే-ఎంబీని వేరుచేసి కొలవడం మొదలైంది. అది రెండు మూడు రోజుల్లో మామూలు స్థాయికి దిగిపోతుంది. మూడో రోజు ఆస్పత్రికి వచ్చిన రోగి విషయంలో అది చెప్పగలిగేది తక్కువ. ఆ రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం నొప్పి, ఈసీజీ, ఎంజైములు అనే మూడు సాక్ష్యాల్లో రెండు కలిస్తే గుండెపోటు అనేవాళ్లం. రక్తానికి దక్కింది మూడో వంతు మాట మాత్రమే. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ పంపకంలో ఒక వివేకం కనిపిస్తుంది.

ట్రోపోనిన్ కథ జపాన్‌లో మొదలవుతుంది. కండరం ఎలా ముడుచుకుంటుంది, కాల్షియం దానికి సంకేతం ఎలా ఇస్తుంది అన్న శుద్ధ శాస్త్ర ప్రశ్నను పట్టుకుని సెత్సురో ఎబాషి టోక్యోలో పనిచేశారు. కండరక్షీణత వ్యాధిలో సీకే పెరుగుతుందని 1959లో చూపిన బృందానికి నాయకుడూ ఆయనే. 1965లో ట్రోపోనిన్‌ను వేరుచేసి దానికి పేరుపెట్టారు. అందులో మూడు భాగాలున్నాయి. కాల్షియంను పట్టేది సి, ముడుచుకోవడాన్ని ఆపి ఉంచేది ఐ, ట్రోపోమయోసిన్ పోగుకు కట్టి ఉంచేది టి. సి భాగం గుండెలోనూ కొన్ని ఒంటి కండరాల్లోనూ ఒకటే, కాబట్టి పరీక్షకు పనికిరాదు. ఐ, టి భాగాలకు గుండెలో ప్రత్యేకమైన నిర్మాణం ఉంది. ఆ తేడాను పట్టగల యాంటీబాడీ తయారుచేస్తే గుండె కండరాన్ని మాత్రమే గుర్తించే పరీక్ష చేతికొస్తుంది. ఇంగ్లండులో కమిన్స్ బృందం 1987లో ట్రోపోనిన్-ఐ మీద, జర్మనీలో హ్యూగో కాటస్ బృందం 1989లో ట్రోపోనిన్-టి మీద ఆ పని చేసి చూపాయి. కాటస్ మొదటి పరీక్ష ఒంటి కండరంలోని ట్రోపోనిన్‌ను కూడా కొంత పట్టేది. రెండో తరం యాంటీబాడీలతో ఆ లోపం పోయింది. కండరం ముడుచుకునే రహస్యం వెదికిన పరిశోధన ఇరవై ఏళ్ల తర్వాత క్యాజువాలిటీ గదికి చేరడం, పరిశోధనకు నిధులిచ్చే పెద్దలు గమనించదగిన సంగతి.

ట్రోపోనిన్‌లో అత్యధిక భాగం కండరపు పోగుల్లో అల్లుకుని ఉంటుంది, కొద్ది భాగం మాత్రమే కణద్రవంలో తేలుతుంది. కాబట్టి దెబ్బ తగిలిన కొన్ని గంటలకు రక్తంలో కనిపించడం మొదలై, పోగులు నెమ్మదిగా కరుగుతుండగా వారం, పది రోజుల దాకా నిలుస్తుంది. మూడో రోజు వచ్చిన రోగిని కూడా అది వదిలిపెట్టదు. 1990ల్లో జరిగిన అధ్యయనాలు మరో సంగతి తేల్చాయి. సీకే-ఎంబీ మామూలుగా ఉండి ‘అన్‌స్టేబుల్ ఆంజైనా’ అని పంపేసిన వారిలో ట్రోపోనిన్ కనిపించినవారికి తర్వాత గుండెపోటు, మరణం ఎక్కువగా వచ్చాయి. 2000లో యూరప్, అమెరికా హృద్రోగ సంఘాలు కలిసి గుండెపోటు నిర్వచనాన్నే తిరగరాసి ట్రోపోనిన్‌ను మధ్యలో కూర్చోబెట్టాయి. నిన్నటిదాకా ఆంజైనా అనిపించుకున్న మనిషి, ఒక్క రోగలక్షణమూ మారకుండానే, మర్నాటి నుంచి గుండెపోటు రోగి అయ్యాడు.

ఆ తర్వాత వచ్చిన హైసెన్సిటివ్ ట్రోపోనిన్ పరీక్ష కొలిచే మోతాదు ఎంత చిన్నదో చెప్పాలి. ట్రోపోనిన్-టికి ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభైతొమ్మిది మంది దాటని హద్దు లీటరుకు 14 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. ఇంత చిన్న మోతాదును నమ్మకంగా కొలవడం సాధ్యమయ్యాక కొత్త విషయం బయటపడింది. ఆరోగ్యంగా తిరిగే మనిషి రక్తంలోనూ కాస్త ట్రోపోనిన్ ఉంటుంది. కనిపించిందంటే జబ్బే అన్న పాత సూత్రం అక్కడితో చెల్లింది. మూత్రపిండాలు పాడైనవారికి నెలల తరబడి హద్దుకు పైనే ఉంటుంది. సెప్సిస్‌లో, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ చేరినప్పుడు, గుండె కండరం వాచినప్పుడు పెరుగుతుంది. మారథాన్ పరుగెత్తినవారిలోనూ పెరుగుతుంది. ఇవన్నీ గుండె కండరానికి దెబ్బ తగిలిందనడానికి సాక్ష్యాలే. రక్తనాళం మూసుకుపోయిందనడానికి మాత్రం సాక్ష్యాలు కావు. దెబ్బ తగిలింది అన్నంతవరకే ట్రోపోనిన్ చెబుతుంది, ఎందుకు తగిలిందో చెప్పదు. 2018 నాటి నాలుగో సార్వత్రిక నిర్వచనం అందుకే ‘మయోకార్డియల్ ఇంజురీ’ని, గుండెపోటును వేరుచేసింది. గుండెపోటు అనాలంటే అంకె పెరుగుతూనో తగ్గుతూనో ఉండాలి, దానికి తోడు నొప్పి గానీ ఈసీజీ మార్పు గానీ మరో ఆధారం గానీ ఉండాలి. చూడండి, 1970ల నాటి వివేకం మరో దారిలో తిరిగొచ్చింది.

అంకె కదలికను పట్టుకోవడానికి యూరప్ హృద్రోగ సంఘ మార్గదర్శకాలు సూచించే గంట పద్ధతిని దగ్గరగా చూద్దాం. నొప్పి మొదలై మూడు గంటలు దాటిన మనిషికి వచ్చీరాగానే తీసిన ట్రోపోనిన్-టి 5 కంటే తక్కువుంటే గుండెపోటు లేదని నిశ్చింతగా చెప్పవచ్చు. 52 దాటితే లోపలికి చేర్చుకుంటాం. మధ్యలో ఉన్నవారికి గంట తర్వాత మళ్లీ తీయాలి. గంటలో 5 నానోగ్రాములు పెరిగిందంటే జాగ్రత్తపడాలి. మొదటి అంకె 12 లోపు ఉండి, పెరుగుదల 3 లోపే ఉంటే ఇంటికి పంపవచ్చు. ఈ పద్ధతికి ప్రాణం రెండో నమూనా. పైగా హద్దు స్త్రీకీ పురుషుడికీ ఒకటి కాదు. వాడుకలో ఉన్న ఒక ట్రోపోనిన్-ఐ పరీక్షలో పురుషులకు 34, స్త్రీలకు 16. ఒకే హద్దు పెట్టుకుంటే 25 వచ్చిన ఆడమనిషిని గ్యాస్ మాత్రలిచ్చి పంపేస్తాం. జుట్టుకోసం వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని ట్రోపోనిన్ పరీక్షలను తక్కువ చూపించగలవని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. రోగిని అడిగే ప్రశ్నల్లో ఇప్పుడు ఇదీ చేరింది.

ఇక మన దగ్గరి సంగతి. మన చిన్న ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడేది కార్డు మీద చేసే ట్రోప్-టి. నాలుగు చుక్కల రక్తం వేసి పావుగంట ఆగితే ఒక గీతో రెండు గీతలో కనిపిస్తాయి. రెండో గీత మసకగా ఉంటే నర్సు, డ్యూటీ డాక్టరు కార్డును ట్యూబులైటు కిందికి తీసుకెళ్లి అటూఇటూ వంచి చూస్తారు. ఆ గీత పడాలంటే ట్రోపోనిన్ పైన చెప్పిన హద్దుకు అనేక రెట్లు ఉండాలి. రాత్రి పదింటికి నొప్పి వచ్చి పదకొండింటికి ఆస్పత్రి చేరిన మనిషికి ఆ కార్డు నెగెటివ్ రావడంలో వింతేమీ లేదు. వింత ఏమిటంటే ఆ నెగెటివ్‌ను నమ్మి, రెండో పరీక్ష లేకుండా, పాంటాప్రజోల్ అనే గ్యాస్ మాత్ర రాసి పంపించడం. నెగెటివ్ అన్న మాట రోగి బంధువులకు ఊరట, డాక్టరుకు మాత్రం అది సగం వాక్యం. ఇంకో విధమైన తప్పూ ఉంది. ఈసీజీలో ఎస్‌టీ స్పష్టంగా లేచి ఉన్నా ‘ట్రోప్-టి రానివ్వండి’ అని కూర్చోవడం. అక్కడ రక్తపరీక్షను అడగవలసిన ప్రశ్నే లేదు. ఆ ఎదురుచూపులో పోయే కండరం మళ్లీ రాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇటీవల చిన్న ఆస్పత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాస్పత్రి కార్డియాలజిస్టుకు పంపి, ఆయన సూచనతో గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇచ్చే ‘స్టెమీ’ కార్యక్రమాలు మొదలయ్యాయి. వాటిలో నాకు నచ్చిన అంశం, అవి రక్తపరీక్ష కోసం ఆగకపోవడం.

గుండె చనిపోతున్నప్పుడు రక్తం చెప్పేది ఒక రకం. గుండె అలసిపోతున్నప్పుడు చెప్పేది మరో రకం. 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ బృందం ఎలుక గుండె పైగదుల నుంచి తీసిన రసాన్ని మరో ఎలుకకు ఎక్కించింది. ఆ ఎలుక మూత్రంలో సోడియం ముప్పై రెట్లకు మించి, మూత్రం పది రెట్లు పెరిగాయి. రక్తాన్ని తోసే పంపుగానే చూసిన గుండె ఒక గ్రంథి కూడా అని రుజువైంది. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు పంది మెదడు నుంచి పైగదుల రసంలోని హార్మోను కుటుంబానికే చెందిన బీఎన్‌పీని వేరుచేశారు. తర్వాత చూస్తే అది ప్రధానంగా తయారయ్యేది గుండె కింది గదుల్లో, గోడలు సాగినప్పుడు. 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చిన 1,586 మందిలో, బీఎన్‌పీ పరీక్ష ఆయాసం గుండెదా ఊపిరితిత్తులదా అని విడదీయడంలో ఎంత ఉపయోగమో చూపింది. దాని తోబుట్టువైన ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ లీటరుకు 300 నానోగ్రాముల లోపు ఉంటే అప్పటి ఆయాసానికి హార్ట్ ఫెయిల్యూర్ కారణం కాదని చాలావరకు ధైర్యంగా అనవచ్చు. ఇక్కడా చదివేవాడి బాధ్యత తప్పదు. స్థూలకాయుల్లో ఇది తక్కువ చూపుతుంది, వయసు మళ్లినవారిలోనూ కిడ్నీ జబ్బులోనూ ఎక్కువ చూపుతుంది. సాకుబిట్రిల్ ఉన్న మందు వాడేవారిలో బీఎన్‌పీ కొలిస్తే దారి తప్పుతాం, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కొలవాలి.

ఇంత మంచి కొలత ఉన్నప్పుడు, అంకె తగ్గేదాకా మందు పెంచుకుంటూ పోతే రోగి బాగుపడడా అన్నది సహజమైన ప్రశ్న. 2017లో వెలువడిన గైడ్-ఇట్ అనే ప్రయోగంలో అలా చేసి చూశారు. మామూలు పద్ధతిలో శ్రద్ధగా మందులిచ్చినవారి కంటే అంకెను వెంబడించినవారు మెరుగ్గా ఏమీ లేరు, ప్రయోగాన్ని మధ్యలోనే ఆపారు. మందులు పూర్తి మోతాదులో అందడం ముఖ్యం. అవి అందినచోట అంకె అదనంగా చేసేది తక్కువ.

సూచిక వేరు, కారణం వేరు అన్న పాఠం మరింత కఠినంగా నేర్పినది హోమోసిస్టీన్. రక్తంలో అది ఎక్కువున్నవారికి గుండెజబ్బు ఎక్కువని గమనించారు. దాన్ని తగ్గించే మందు చవకైనది, సురక్షితమైనది, పైగా మన సుబ్బారావు గారి బృందం లెడర్లే సంస్థలో 1940ల్లో సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లం. దశాబ్దాల ఆశ అది. 2006లో నార్వే నుంచి ఒకటి, కెనడా నాయకత్వంలో మరొకటి, రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. ఫోలిక్ ఆమ్లం, బి విటమిన్లతో హోమోసిస్టీన్ తగ్గింది. గుండెపోట్లు, మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఆ అంకె జబ్బుకు పక్కన నడిచిన తోడు మాత్రమే. అయినా ఇవాళ్టికీ మన నగరాల్లోని ‘ఫుల్ బాడీ’ ప్యాకేజీల్లో హోమోసిస్టీన్ దర్జాగా కూర్చుని ఉంటుంది, దాన్ని చూసి భయపడి వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు.

దీనికి ఎదురుగా ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను నిలిపి చూడండి. దాన్ని తగ్గిస్తే గుండెపోటు తగ్గుతుందని ప్రయోగాల మీద ప్రయోగాలు రుజువు చేశాయి. అది సూచికే కాదు, కారణం కూడా. రక్తంలోని మరో కొవ్వు కణిక, 1963లో నార్వేలో కారే బెర్గ్ కనుగొన్న లైపోప్రొటీన్(ఎ), జన్యువులతో వచ్చేది, జీవితాంతం పెద్దగా మారదు, ఒక్కసారి కొలిస్తే చాలు. మన ఉపఖండపు వారిలో అది ఎక్కువమందికి ఎక్కువ. 2007లో ప్రచురితమైన ఇంటర్‌హార్ట్ విశ్లేషణలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటు వయసు 53, మిగతా దేశాల వారికి దాదాపు 59. ఆ ఆరేళ్ల తేడాను తలచుకుంటే, ప్యాకేజీలకు పెట్టే డబ్బులో కొంత ముప్పై దాటిన ప్రతివారికీ ఒకసారి లిపిడ్ పరీక్షకు, కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లున్నవారికి లైపోప్రొటీన్(ఎ) పరీక్షకు మళ్లించడం సబబని నా అభిప్రాయం.

ఈ సభలో యువ వైద్యులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఎక్కువమంది కనిపిస్తున్నారు కాబట్టి ఒక విన్నపం చేసి ముగిస్తాను. మన ట్రోపోనిన్ రిపోర్టుల మీద రోగి పేరు, వయసు, ఫలితం ఉంటాయి, మనల్ని దారిలో పెట్టే వివరం మాత్రం చాలా రిపోర్టుల్లో ఉండదు. రేపటి నుంచి ప్రతి రిపోర్టు మీద నాలుగు విషయాలు రాయండి: నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది, రక్తం ఎన్ని గంటలకు తీశారు, ఏ పద్ధతితో కొలిచారు, రెండో నమూనా ఎప్పుడు తీయాలి. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. రోగిని పెద్దాస్పత్రికి పంపేటప్పుడు ఆ కాగితాన్నీ ఈసీజీనీ అతని జేబులో పెట్టి పంపండి.